ముందుకాలు

మురుగుగొయ్యి మీది ఇనుప మూతను పక్కకు జరిపి, దస్తగిరి గొట్టం కొసను లోపలికి దించాడు. అడుగున పేరుకున్న మడ్డిలో అది దిగబడగానే చేతికి తెలిసింది. ఇంకాస్త తోసి, ట్యాంకర్ దగ్గరికి వెళ్ళి పంపు ఆన్ చేశాడు. గొట్టం ఒక్కసారి అదిరి, బరువెక్కి, కంకర మీద అటూ ఇటూ పొర్లింది. దాన్ని కాలితో తొక్కిపట్టి నిలబడ్డాడు.

శుక్రవారం. సౌదీ ఉత్తరాన ఉన్న తబూక్‌లో జనవరి పొద్దు ఆలస్యంగా ఎక్కుతుంది. కంపెనీ కార్మికుల క్యాంపులో చాలామంది ఇంకా దుప్పట్లలోనే ఉన్నారు. కొండల వైపు నుంచి కొట్టే గాలికి చెవులు మొద్దుబారుతున్నాయి. ఎండాకాలంలో ఈ వాసన పైకి లేచిపోతుంది. చలికాలంలో మాత్రం నేలనంటుకుని ఉండి, బట్టల్లోకి, గడ్డంలోకి దూరి, సబ్బుకు కూడా లొంగదు.

దస్తగిరికి యాభై దాటాయి. పొట్టి మనిషి, లావు మెడ, తెల్లబడ్డ కురచ గడ్డం. కుడి భుజం ఎడమదాని కన్నా కిందికి జారి ఉంటుంది, ఎవరో అటువైపు బరువు వేలాడదీసినట్టు. భవనాలు కట్టే ఈ కంపెనీకి వచ్చిన కొత్తలో మంచినీళ్ళ ట్యాంకర్ నడిపేవాడు. మురుగు ట్యాంకర్ నడిపే బంగ్లాదేశీ వెళ్ళిపోయినప్పుడు, మరొకడు దొరికేదాకా నువ్వు చూసుకో అన్నారు. మరొకడు దొరకలేదు.

మెస్సు వంటవాడు స్వామి కిటికీ తెరిచి, కాగితం కప్పులో టీ పోసి గట్టు మీద పెట్టి, దస్తగిరి చెయ్యి చాపేలోపే తన చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. మిగతా అందరికీ స్టీలు గ్లాసులు. దస్తగిరికి అది కష్టంగా తోచడం ఎప్పుడో మానేసింది. ఒకసారి మాత్రం, "ముక్కు మూసుకుంటాండావు గానీ, నువ్వు వండింది, వీళ్ళు తిన్నది, ఇదంతా అదే గదప్పా," అన్నాడు. స్వామి నవ్వాడు. కాగితం కప్పు మాత్రం మారలేదు.

టీ తాగుతుండగా లక్ష్మణ్ వచ్చాడు. జగిత్యాల వైపు కుర్రవాడు, సన్నగా, నిటారుగా, ఎత్తుగా ఉంటాడు. సైటులో ఇనుప చువ్వలు మోసి, వంచి, తీగతో బిగించే పని అతనిది. శుక్రవారం వస్తే కంపెనీ క్రికెట్ జట్టుకు ఫాస్ట్ బౌలర్.

"సలాం చాచా."

"దూరంగా నిలబడు రా, మీద పడ్తాది."

లక్ష్మణ్ దూరంగా నిలబడలేదు. ట్యాంకర్ చక్రానికి వీపు ఆనించి, ఒక చెయ్యి నడుము మీద పెట్టుకున్నాడు.

"నడుమెట్లుండాది?"

"మంచిగనే ఉంది."

"ఆ బ్లీచింగు డబ్బా ఎత్తి ఇట్లియ్యి."

లక్ష్మణ్ వంగలేదు. వీపు కర్రలా ఉంచి, మోకాళ్ళు మడిచి, మెల్లగా కిందికి దిగాడు. డబ్బా మీద చెయ్యి పడేలోపు నొప్పికి ముఖం ముడుచుకుపోయింది.

"చాల్లే. చూసినా. వదిలెయ్యి," అన్నాడు దస్తగిరి.

"ఇయ్యాల ఫైనల్ చాచా. గీ ఒక్కటి ఆడుత. గెలిస్తె స్టోర్ల పనికి మారుస్త అన్నడు నవాజ్ సార్. చువ్వలు మోసుడు తప్పుతది."

"పదకొండు మంది ఆడేదానికి నీ ఒక్కని నడుమే పూచీనా?"

లక్ష్మణ్ బూటు కొసతో కంకరను కదిలించాడు.

"నేను నవాజ్ సాబ్‌తో మాట్లాడతా. రెండు ఓవర్లు ఏసి కూర్చుందువు గాని."

"మాట్లాడకు చాచా," అన్నాడు లక్ష్మణ్ వెంటనే. "నడుమని తెలిస్తె తీసేస్తడు. స్టోర్ల పని కూడ పోతది."

గొట్టం గరగరమంది. గొయ్యి అడుగు తేలింది. దస్తగిరి పంపు ఆపి, మూత కాలితో నెట్టాడు.

---

ఊరి బయట కంపెనీ చూపించిన చోట ట్యాంకర్ ఖాళీ చేసి వచ్చి, స్నానానికి నీళ్ళు కాచుకున్నాడు. నిమ్మచెక్కతో గోళ్ళు రుద్దుకున్నాడు. జుమ్మా నమాజుకు వెళ్ళే ముందు ప్రొద్దుటూరులో ఉన్న భార్య సాబేరాకు ఫోన్ చేశాడు. ఆమె నోట్లో దారం పెట్టుకుని మాట్లాడుతున్నట్టుంది. పరుపులు కుట్టే పని ఆమె ఇంకా మానలేదు.

దస్తగిరి తండ్రిది దూది ఏకే అంగడి. ఆ అంగడి వెనకే హైస్కూలు గ్రౌండు. చిన్నప్పుడు గోడ దాటి వచ్చిన బంతుల్ని తిరిగి విసిరేవాడు. ఆ విసురు చూసి డ్రిల్లు మాస్టరు లోపలికి పిలిచాడు. బ్యాటింగు సాధన చేసేవాళ్ళకు బంతి వేసేవాడొకడు కావలసి వచ్చింది. పొద్దున, సాయంత్రం, సెలవు రోజైతే మధ్యాహ్నం కూడా వేశాడు. ఆ బ్యాట్స్‌మెన్ కడపకు వెళ్ళారు, అనంతపురానికి వెళ్ళారు, వాళ్ళ ఫోటోలు బడి గోడ మీదికెక్కాయి. బస్సు కదిలేటప్పుడు సంచులు పైకి అందించేది మాత్రం దస్తగిరే. బస్సు లోపల అతనికెప్పుడూ చోటు లేదు. కొన్నేళ్ళకు భుజం కీలు జారింది. కట్టు కట్టించుకుని వచ్చేసరికి అతని చోటులో మరొకడు బంతి వేస్తున్నాడు. ఆ తర్వాత లారీ క్లీనరు, లారీ డ్రైవరు, ఆపైన సౌదీ.

క్యాంపులో జట్టు పెట్టింది నవాజ్. హైదరాబాదు మనిషి, ఇక్కడి అడ్మిన్ ఆఫీసరు. సౌదీ ముదీర్, అంటే ఈ ప్రాంతానికంతా పెద్ద మేనేజరు, ఆటలంటే ఇష్టపడతాడని తెలిసి మొదలుపెట్టాడు. ఒకసారి గ్రౌండు పక్కన ట్యాంకర్ ఆపుకుని చూస్తున్న దస్తగిరి, తిన్నగా పడని బంతి వేస్తున్న ఒకతనితో ఏదో చెప్పాడు. అతని బంతి తిన్నగా పడింది. ఆ రోజు నుంచి నవాజ్ నవ్వులాటగా "కోచ్" అని పిలిచేవాడు. నవ్వులాటే పనిగా మారింది. శుక్రవారాల్లో దస్తగిరి బౌలర్ల పక్కన నిలబడితే ఎవరూ ముక్కు మూసుకునేవారు కాదు. అందుకైనా అతను వెళ్ళేవాడు.

మొదట అఖీల్‌కు నేర్పాడు. అఖీల్ క్యాంపు ఎలక్ట్రీషియను. సాఫీగా పరుగెత్తి వచ్చి, సాఫీగా వేసేవాడు, వేగం మాత్రం లేదు. బంతి వదిలే క్షణాన ముందుకాలు మోకాలి దగ్గర మెత్తగా కుంగుతోందని దస్తగిరికి అనిపించింది. "ముందుకాలు వంచొద్దు. గుంజ పాతినట్టు పాతు. ఆ కాలి మీదనే ఒళ్ళంతా తిరగల్ల," అన్నాడు. కొన్ని వారాల్లోనే అఖీల్ బౌలింగు చెడిపోయింది. బంతి ఒకసారి వికెట్‌కీపర్ నెత్తి మీదుగా పోయేది, ఒకసారి తన కాళ్ళ దగ్గరే పడేది. పాత పద్ధతికి పోదామన్నా చేతకాలేదు. చివరికి ఆట మానేసి, రియాద్‌కు బదిలీ చేయించుకున్నాడు. "మంచి బౌలర్‌ను ఖరాబ్ చేసినవ్," అన్నాడు నవాజ్. అనడం అక్కడితో ఆగలేదు. మెస్సులో, ఆఫీసు వరండాలో, కొత్తగా వచ్చినవాళ్ళ ముందు, అదే మాట. దస్తగిరి తల వంచుకుని ఒప్పుకున్నాడు. నిజమే కావచ్చు అనుకున్నాడు.

ఆ తర్వాత లక్ష్మణ్. తోలుబంతి ఎన్నడూ పట్టుకోనివాడు. అతనికీ అదే చోట నిలబడి, అదే మాట చెప్పాడు. లక్ష్మణ్ కాలు పాతిన రోజు బంతి పిచ్ మీద పడి బ్యాటు పిడికి తగిలి ఠక్కుమంది. ఆ చప్పుడు దస్తగిరి చాలా రోజులు విన్నాడు. ఆ ఏడు కప్పు గెలిచారు. "పోరడు పుట్టుకతోనే ఫాస్ట్," అన్నాడు నవాజ్.

అప్పుడు దస్తగిరి సాబేరాకు ఫోన్‌లో చెప్పుకున్నాడు. "ఒకటే మాట ఇద్దరికీ చెప్పినా. ఒకడు చెడిపాయ, ఒకడు బాగుపడె. చెడింది నా వల్లంట. బాగుపడింది వాని పుట్టుకంట. ఇదేం లెక్క?"

సాబేరా సూది ఆపకుండానే అంది: "పరుపు మెత్తగా ఉంటే మంచి దూది అంటారు. గడ్డలు కట్టిందంటే కుట్టినదాన్ని తిడతారు. నన్నెవరన్నా ఇన్నేళ్ళలో బాగుందన్నారా?"

ఆ రోజు నవ్వుకున్నాడు. ఈ రోజు ఆమె, "మీ పిల్లోని నడుమెట్లుంది?" అని అడిగింది. "బాగలేదు," అన్నాడు. "అయితే ఆడొద్దని చెప్పు," అంది ఆమె. అంత తేలిక మాట దస్తగిరికి ఎవరూ చెప్పలేదు. "చెప్తా," అని ఫోన్ పెట్టేశాడు.

---

గ్రౌండంటే పచ్చిక కాదు. పొలాలు మొదలయ్యే చోట చదును చేసిన గులకనేల, మధ్యలో సిమెంటు పట్టీ, దాని మీద మేకులు కొట్టి బిగించిన ఆకుపచ్చ చాప. బౌండరీకి సున్నం పూసిన రాళ్ళు. ఒక పక్క షామియానా వేసి, సోఫా తెచ్చి, ముదీర్‌ను కూర్చోబెట్టారు. అవతలి జట్టు తోటల కంపెనీవాళ్ళది.

నవాజ్ తెల్ల బూట్లు వేసుకుని, చలువ అద్దాలు పెట్టుకుని, గాలి వచ్చే వైపున నిలబడి ఉన్నాడు. దస్తగిరితో మాట్లాడేటప్పుడు ఎప్పుడూ గాలి ఎటు వీస్తోందో చూసుకునే నిలబడతాడు. ఆ ఒంటి మీది అత్తరు దూరం నుంచే కొడుతోంది.

"సాబ్, లక్ష్మణ్‌కు నడుం బాగలేదు. రెండు ఓవర్లు చాలు. ఇంకొకర్ని చూసుకోండి."

"అరె దస్తగిరి భాయ్! ఫైనల్ ఇది. ముదీర్ వచ్చి కూసున్నడు. ఇప్పుడు నడుమంటే ఎట్ల? కోచ్ అన్నోడు హిమ్మత్ ఇయ్యాలె గానీ భయపెడ్తడా?"

"భయం కాదు సాబ్. వాడు వంగి డబ్బా ఎత్తలేకుండాడు."

"డబ్బా ఎత్తమంటలేను కదా, బాల్ వెయ్యమంటున్న," అని నవాజ్ నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్ళూ నవ్వారు. వాళ్ళలో లక్ష్మణ్ గదిలో పడుకునేవాళ్ళు కూడా ఉన్నారు. లక్ష్మణ్ మాత్రం దూరంగా నిలబడి బూటు లేసు కట్టించుకుంటున్నాడు. వంగలేక, ఇంకొకరి చేత.

కంపెనీ జట్టు ముందు బ్యాటింగు చేసి ఓ మోస్తరు పరుగులు తీసింది. తర్వాత లక్ష్మణ్ బంతి అందుకున్నాడు. మొదటి ఓవర్లో రెండు వికెట్లు పడ్డాయి. షామియానా కింద ముదీర్ చప్పట్లు కొట్టాడు. నవాజ్ ఆ చప్పట్లు తనకే అన్నట్టు చెయ్యి ఊపాడు. దస్తగిరి కళ్ళు లక్ష్మణ్ కాలు మీదే ఉన్నాయి. కాలు పాతుకుంటోంది. పాతుకున్న ప్రతిసారీ లక్ష్మణ్ దవడ బిగుసుకుంటోంది. బంతి వెళ్ళిపోయాక ఒక క్షణం అలాగే ఆగి, వీపును సర్దుకుని, అప్పుడు వెనక్కి తిరుగుతున్నాడు.

రెండు ఓవర్లయ్యాక నవాజ్ ఆపలేదు. కెప్టెన్‌కు సైగ చేశాడు. మూడోది కూడా లక్ష్మణే వేశాడు. అది ముగిశాక బౌండరీ దగ్గర నిలబడినప్పుడు, వెనక్కి తిరగకుండానే, "చాచా, కాలు వడ్తలేదు," అన్నాడు.

అప్పుడు దస్తగిరి, "ఇంక వెయ్యొద్దు, బయటికి రా," అనవలసింది. నోటి దాకా వచ్చింది కూడా. కానీ బౌలరు అడిగితే ఉపాయం చెప్పడమే ఇన్నేళ్ళుగా అలవాటైన నోరది. "పరుగు తగ్గించుకో. నాలుగడుగులు దగ్గర్నుంచి రా. కాలు మాత్రం వంచొద్దు," అంది. అన్నాక గానీ ఏమన్నాడో తనకే వినపడలేదు. లక్ష్మణ్ తలాడించి, బంతి అందుకోవడానికి వెళ్ళిపోయాడు.

చివరి ఓవర్ కూడా అతనికే ఇచ్చారు. తోటల కంపెనీకి కొద్దిపాటి పరుగులే కావాలి, చేతిలో ఒకే వికెట్టు. లక్ష్మణ్ పొట్టి పరుగుతో వచ్చి కాలు పాతాడు. బంతి బ్యాటు కింద దూరి మధ్య వికెట్టును పీకి అవతల పారేసింది. లక్ష్మణ్ ఆ వికెట్టు పడడం చూశాడో లేదో. పాతిన కాలు మీద తిరిగిన ఒళ్ళు తిరిగినట్టే పోయి, పక్కకు, చాప మీద పడ్డాడు.

అందరూ ఉరికారు. అరుస్తూ, ఎగురుతూ, అతని పక్కనుంచీ, అతని మీదుగానూ దాటి వికెట్ల దగ్గరికి పోయారు. ఒకడి బూటు అతని చెయ్యి మీద పడింది. లక్ష్మణ్ మోచేతుల మీద లేవబోయి, నోరు తెరిచి, చప్పుడు రాక, అలాగే ఉండిపోయాడు. దస్తగిరి పరుగెత్తుకెళ్ళి అతని తల కింద తన మఫ్లరు పెట్టాడు.

"కదలొద్దు. కదలొద్దు నాయనా."

"కాళ్ళు... కాళ్ళల్ల మంట చాచా."

వ్యాను తెమ్మని దస్తగిరి కేకలేశాడు. వ్యాను వచ్చింది. అంతలో నవాజ్ వచ్చి, "ఒక్క నిమిషం. ముదీర్‌తో ఫోటో. వీడు లేకుంటే ఎట్ల?" అన్నాడు. ఇద్దరు చంకల కింద చేతులు వేసి లక్ష్మణ్‌ను నిలబెట్టారు. కాళ్ళు నేల మీద ఆనినట్టు కనపడేలా పట్టుకున్నారు. చేతిలో కప్పు అంచు పట్టించారు. ముదీర్‌కు ఏమీ తెలియదు, అతను సంతోషంగా లక్ష్మణ్ భుజం తట్టాడు. ఆ తట్టుకు లక్ష్మణ్ కళ్ళు పైకి తిరిగాయి. ఫోటోలో అది నవ్వులాగే పడి ఉంటుంది.

దస్తగిరికి నోట్లో చేదు ఊరింది. ఉమ్మి, వ్యాను ఎక్కాడు.

---

ఆసుపత్రిలో ఈజిప్టు డాక్టరు తెర మీద ఎక్స్‌రే బొమ్మ చూపించాడు. మలయాళీ నర్సు హిందీలో చెప్పింది. నడుము కింది ఎముకలో చీలిక. ఈ రోజుది కాదు, కొన్ని నెలల నాటిది. ఈ రోజు అది విచ్చుకుంది.

"ఏం పని చేస్తాడు?" అని డాక్టరు అడిగించాడు.

"ఇనుము మోస్తాడు. శుక్రవారం బంతి వేస్తాడు," అన్నాడు దస్తగిరి తనకొచ్చిన హిందీలో. తర్వాత ఆగి, "దేని వల్ల వచ్చిందో చెప్పగలరా?" అన్నాడు.

డాక్టరు భుజాలెగరేశాడు. దేని వల్లనైనా రావచ్చట. రెండింటి వల్లా రావచ్చట. కొందరికి పుట్టుకతోనే ఆ ఎముక బలహీనంగా ఉంటుందట. దస్తగిరి ఆ బొమ్మ వంక చాలాసేపు చూశాడు. తెల్లటి ఎముక మీద వెంట్రుకంత నల్ల గీత. ఆ గీతలో తను చెప్పిన మాట ఎంత ఉందో, ఇనుప చువ్వలు ఎంత ఉన్నాయో, ఈ మధ్యాహ్నం నవాజ్ చేసిన సైగ ఎంత ఉందో ఎవరు విడదీస్తారు? వేగం తెచ్చిందీ ఆ కాలే. విరిచిందీ ఆ కాలే అయ్యుండవచ్చు. అయితే రెండూ తనవే. కాదంటే రెండూ కావు.

పొద్దుగూకి, మగ్రిబ్ నమాజు అయ్యాక నవాజ్ వచ్చాడు. గదిలోకి ముందు అత్తరు వచ్చింది, తర్వాత అతను. లక్ష్మణ్‌ను "షేర్" అని, సింహమని పొగిడి, దస్తగిరిని నీళ్ళ సీసా తెమ్మని బయటికి పంపాడు. దస్తగిరి తిరిగొచ్చేసరికి వెళ్ళిపోయాడు. లక్ష్మణ్ ముఖం గోడవైపు తిప్పుకుని ఉన్నాడు.

"చాచా."

"చెప్పు."

"సైట్ల దెబ్బ తాకలేదని చెప్పాల్నట, లేకుంటె ఖర్చు కంపెని మీద పడ్తదట. ఆటల తాకిందని చెప్పాల్నట. నొస్తుందంటె గూడ నువ్వే ఆడుమన్నవని చెప్పాల్నట. అట్లయితెనె స్టోర్ల పని ఇప్పిస్తడట."

"నువ్వేమన్నావ్?"

లక్ష్మణ్ గోడకే చెప్పాడు. "సరే అన్న."

దస్తగిరి సీసా మూత తిప్పాడు. తిప్పి, మళ్ళీ బిగించాడు.  ఈ పిల్లవాడి మీద కోపం తెచ్చుకోవాలని చూశాడు, రాలేదు. మంచం మీద కదలకుండా పడి ఉన్న ఆ పొడవాటి కాళ్ళు చూస్తే రాలేదు.

"సరే అన్నావు గదా, అట్లే చెప్పు," అన్నాడు. "కాలు వంచొద్దన్నది నేనే. అదేం అబద్ధం కాదులే."

"చాచా, నాకు మనసు..."

"గమ్మునుండు. నీళ్ళు తాగు."

---

క్యాంపు మెస్సులో ఆ రాత్రి బిర్యానీ పెట్టారు. మధ్య బల్ల మీద కప్పు. దస్తగిరి ఆసుపత్రి నుంచి నేరుగా వచ్చి తలుపు పక్క కుర్చీలో కూర్చున్నాడు. స్వామి పళ్ళెంలో కోడికాలు ఒకటి అదనంగా వేసి, అతని ముఖం చూడకుండా వెళ్ళిపోయాడు. నింద తన మీద వేశారన్న విషయం ముందే అందరికీ తెలుసునని అప్పుడర్థమైంది.

నవాజ్ లేచి నిలబడ్డాడు. ఈ జట్టు కోసం తను ఎంత ప్లానింగ్ చేశాడో, ఏ బౌలర్‌ను ఎప్పుడు దించాలో ఎట్లా లెక్క వేసుకున్నాడో చెప్పాడు. చప్పట్లు మోగాయి. తర్వాత గొంతు తగ్గించాడు.

"ఒక్కటే బాధ. మన లక్ష్మణ్ దవాఖానల ఉన్నడు. కొందరు తెలిసీ తెలువక కోచింగ్ అంటరు. పోరగాల్ల ఒళ్ళు ఖరాబ్ చేస్తరు. ముందు అఖీల్, ఇప్పుడు వీడు. నేను చెప్పినా వినలే. ఇగ మీద దస్తగిరి భాయ్ గ్రౌండుకు రాడు."

ఎవరూ తలెత్తలేదు. మధ్యాహ్నం నవాజ్ పక్కన నిలబడి నవ్వినవాళ్ళు, చంకల కింద చేతులు వేసి ఫోటోకు నిలబెట్టినవాళ్ళు, అందరూ పళ్ళేల్లోకి వంగి నములుతున్నారు. నవాజ్ కూర్చుని, నెయ్యి కారుతున్న వేళ్ళు ఒక్కొక్కటే నాకాడు. దస్తగిరి నోట్లో ముద్ద ఉంది. అది దిగడం లేదు. తెరిచిన గొయ్యి పక్కన నిలబడి రొట్టె తిన్న మనిషి అతను, ఒక్కరోజైనా వాంతి ఎరగడు. ఇప్పుడు ఆ కదులుతున్న దవడలు, మెరుస్తున్న పెదవులు, మసాలాలో కలిసిన ఆ అత్తరు వాసన. ముద్దను అరచేతిలోకి ఉమ్మేసి, పళ్ళెం అంచున పెట్టి, లేచాడు.

"సాబ్."

నమలడం ఆగింది.

"అఖీల్ చెడింది నా వల్ల అన్నారు. ఒప్పుకున్నా. లక్ష్మణ్ నడుమిరిగింది నా వల్ల అంటాండారు. సరే, అదీ నాదే. అయితే ఆ కప్పు కూడా నాదే గదా? ఇట్లియ్యండి."

మూల నుంచి ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు.

"తమాషా చేస్తున్నవా?" అన్నాడు నవాజ్.

దస్తగిరి నడిచి వెళ్ళి కప్పును రెండు చేతులతో ఎత్తాడు. నవాజ్ కుర్చీ వెనక్కి జరిపాడు, కప్పును లాక్కోవడానికి కాదు, వాసన తగలకుండా. కప్పు అనుకున్నదాని కన్నా తేలిగ్గా ఉంది, రేకు. లోపలికి చూశాడు. ఎవరో అందులో నమిలిన ఎముకలు వేశారు, ఆపైన నలిపిన కాగితాలు, కూల్‌డ్రింకు మడ్డి. ఎందుకడిగాడో తనకే తెలియలేదు. అది తనకు అక్కర్లేదు. ఇంకెవరైనా దాచుకోదగ్గంత విలువైనదీ కాదు.

"ఉంచుకోండి సాబ్," అని బల్ల మీద పెట్టేశాడు.

బయట కొళాయి దగ్గర చేతులు కడుక్కున్నాడు. సబ్బు పెట్టి మణికట్టు దాకా, మోచేతి దాకా. గొయ్యి పని చేసి వచ్చినప్పుడు కడుక్కున్నంతసేపు కడుక్కుని, మళ్ళీ సబ్బు అందుకున్నాడు.

---

వారం మధ్యలో ఒక పూట పని తొందరగా తెమిలింది. ఆసుపత్రి నుంచి లక్ష్మణ్‌ను గదికి తెచ్చారని విని, దారిలో నారింజపళ్ళు కొన్నాడు. స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని, పళ్ళ సంచితో వెళ్ళాడు.

గదిలో ఎల్లన్న ఒక్కడే ఉన్నాడు. లక్ష్మణ్ ఊరివైపు మనిషి, వయసులో పెద్దవాడు. రెండో మంచం మీద పరుపు చుట్టి ఉంది.

"లక్ష్మణ్ ఏడి?"

"పొద్దుగాల్నే తోలిచ్చిండ్రు చాచా. ఖురూజ్ కొట్టిండ్రు. పనికి చేతగాడని రాసిండ్రట. చక్రాల కుర్చీల కూసోబెట్టి తీస్కపోయిండ్రు."

ఖురూజ్ అంటే దేశం నుంచి పంపించేసే ముద్ర అని, మళ్ళీ రావడం లేదని దస్తగిరికి ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. అయినా అడిగాడు.

"స్టోర్ పని ఇస్తామన్నారే?"

ఎల్లన్న చుట్టిన పరుపును గోడవైపు జరిపాడు. "నీకు చెప్పుమన్నడు," అన్నాడు.

"ఏమని?"

"ఏమని అనలే. చాచాకు చెప్పున్రి, చాచాకు చెప్పున్రి అనుకుంటనే పోయిండు. గంతే."

దస్తగిరి పళ్ళ సంచి ఎల్లన్న మంచం మీద పెట్టాడు. వెళ్ళబోతూ తలుపు వెనక చూశాడు. అక్కడ మేకుకు లక్ష్మణ్ సైటు చొక్కా వేలాడుతోంది. ఉతికి ఆరేసినదే. చువ్వలు మోసిన కుడి భుజం మీద గుడ్డ దారాలు తేలి, అవతలి గోడ కనపడేంత పలచబడి ఉంది. ఆ పలచబడ్డ మేర అంతా, ఎన్ని ఉతుకులకూ పోని ఇనుప తుప్పు, ఎర్రగా, అరచేతి వెడల్పున పట్టి ఉంది.